ఎలుక మోకాలికీ అమ్మ మోకాలికీ ముడి

మోకాలి అరుగుదలను ఆపుతుందని రుజువైన మందు ఈ భూమ్మీద ఇప్పటికీ ఒక్కటి కూడా లేదు. నొప్పిని కాసేపు అణచే బిళ్లలున్నాయి. కొన్నాళ్లు ఊరటనిచ్చే ఇంజక్షన్లున్నాయి. ఆఖరికి అరిగిన ఎముక కోసేసి లోహపు కీలు బిగించే ఆపరేషన్ ఉంది. అరుగుతున్న గుజ్జును అరగకుండా నిలబెట్టే మందుకు మాత్రం అమెరికా ఎఫ్‌డీఏ గానీ, యూరప్ ఔషధ సంస్థ గానీ ఇంతవరకూ అనుమతి ఇవ్వలేదు.

చిట్టెలుకల సంగతి అలా కాదు. ప్రయోగశాలల్లో చిట్టెలుకల మోకాళ్లను, ఎలుకల మోకాళ్లను, కుందేళ్ల మోకాళ్లను, గినీ పిగ్‌ల మోకాళ్లను, బీగిల్ కుక్కల మోకాళ్లను కాపాడిన మందుల గురించి వచ్చిన పత్రాలు చదవడానికి ఒక మనిషి జీవితం చాలదు. అరుగుదలకు కారణమయ్యే ఎంజైమును అడ్డుకున్నాం, గుజ్జు నిలిచింది, ఎముక గట్టిపడింది, నొప్పి తగ్గింది. ఎన్ని గెలుపులో! ఒక్క గెలుపు కూడా మనిషి దాకా రాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 52.8 కోట్ల మందికి కీళ్ల అరుగుదల ఉంది. అందులో 36.5 కోట్ల మందిది మోకాలి బాధే. మొత్తం కీళ్ల అరుగుదల రోగుల్లో నూటికి 73 మంది 55 ఏళ్లు దాటినవాళ్లు. నూటికి 60 మంది ఆడవాళ్లు. మన దగ్గరైతే వరినాట్లు వేసి వేసి, కింద కూర్చుని అంట్లు తోమి తోమి, నీళ్ల బిందెలు మోసి మోసి అరిగిన మోకాళ్లవి. మన ఊళ్లలో ఏ అరుగు మీద చూసినా గోడ పట్టుకుని లేచే ఒక అమ్మ కనిపిస్తుంది. ఆ అమ్మ పేరు చెప్పి నిధులు తీసుకుంటారు. ఆ నిధులతో ఆమెకు ఏ పోలికా లేని ఒక జంతువును తయారుచేసి, దాన్ని బాగుచేసి, ఆమెకు దారి చూపిస్తున్నామని రాసుకుంటారు. నాకు దీని మీదే కోపం.

ఆ తయారీ ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడండి. ఈ రంగంలో చాలా ఎక్కువగా వాడే ఒక పద్ధతి పేరు డీఎంఎం. 2007లో సోన్యా గ్లాసన్ బృందం చిట్టెలుకల కోసం దీన్ని స్థిరపరిచింది. పది పన్నెండు వారాల మగ చిట్టెలుకను తీసుకుంటారు. దానికి ఏ జబ్బూ ఉండదు. మత్తిచ్చి, మోకాలి మీద బొచ్చు గొరిగి, మైక్రోస్కోపు కింద చర్మం చీలుస్తారు. కీలు మీది తిత్తి తెరిచి, లోపలి కొవ్వును పక్కకు తప్పిస్తారు. మోకాలి లోపలివైపున మెనిస్కస్ అనే మెత్తటి దిండును కింది ఎముకకు కట్టి ఉంచే సన్నని లిగమెంటు ఒకటి ఉంటుంది. దాన్ని చిన్న బ్లేడుతో తెగ్గొడతారు. కుట్లు వేసి బోనులో వదులుతారు. పట్టు తప్పిన మెనిస్కస్ పక్కకు జారుతుంది, బరువంతా తప్పు చోట పడుతుంది, వారాల్లోనే గుజ్జు చెడుతుంది. ఎనిమిది వారాలకో పన్నెండు వారాలకో దాన్ని చంపి, మోకాలిని పలచని పొరలుగా కోసి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు పట్టిస్తారు. ఎరుపు నిలిచిన చోట గుజ్జు బాగున్నట్టు, వెలిసిన చోట చెడినట్టు. సున్నా నుంచి ఆరు దాకా మార్కులు వేస్తారు. మందు ఇచ్చిన ఎలుకకు రెండు, ఇవ్వనిదానికి నాలుగు వస్తే పత్రం సిద్ధం.

దాదాపు అన్ని ప్రయోగాల్లోనూ మగదే ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలిశాక నేను ఈ వ్యాసం రాయకుండా ఉండలేకపోయాను. ఇదే ఆపరేషన్ ఆడ చిట్టెలుకకు చేస్తే జబ్బు బాగా తక్కువగా వస్తుందని ఆ 2007లోనే పరిశోధకులు ప్రచురించారు. మనుషుల్లో ఎక్కువగా ఆడవాళ్లను పీడించే జబ్బు, ఎలుకల్లో మగవాటికి ఎక్కువ వస్తోంది. అంటే లెక్క తలకిందులైంది. ఆ క్షణాన శాస్త్రం చేయాల్సిన పని ఒక్కటే: ఇది మన జబ్బు కాదేమో అని ఆగి అనుమానించడం. రంగం ఏం చేసింది? మార్కులు బాగా పడతాయి కాబట్టి మగవాటినే వాడదాం అని స్థిరపడిపోయింది. రోగుల్లో పెద్ద భాగం ముట్లుడిగిన స్త్రీలు. బల్ల మీద ఉన్నది యవ్వనంలో ఉన్న మగ ఎలుక. దాదాపు ఇరవై ఏళ్లుగా ఇదే నడుస్తోంది.

శరీరమూ కలవదు. మన మోకాలి గుజ్జు రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చిట్టెలుక మోకాలి గుజ్జు మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అటూ ఇటూ, నాలుగు కణాల వరుసలు. మనకు యుక్తవయసు దాటేసరికి ఎముక ఎదిగే పొరలు మూసుకుంటాయి. చిట్టెలుకకు అవి పూర్తిగా మూసుకోవు. మనం రెండు కాళ్ల మీద నిటారుగా నడుస్తాం. అది నాలుగు కాళ్ల మీద, మోకాళ్లు ఎప్పుడూ వంచే ఉంటుంది. దాని ఆయువు రెండేళ్లు. మన మోకాలు అరగడానికి పాతికేళ్లు, ముప్పై ఏళ్లు పడుతుంది. ఆ ముప్పై ఏళ్లలో అధిక బరువు, పాత దెబ్బలు, తొడ కండరాల బలహీనత, పుట్టుకతో వచ్చిన దొడ్డికాళ్లు, వంశంలో వచ్చినవి, చేసిన చాకిరీ అన్నీ కలిసి పనిచేస్తాయి. ఇన్నిటిని తీసేసి, ఒక కత్తి గాటు పెట్టి, అదే జబ్బు అనడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే.

దీనికీ ఒక సమాధానం ఉంది, ఎప్పుడూ అదే వినిపిస్తుంది: మోడల్ అన్నాక నూటికి నూరు పాళ్లు కలవదు కదా, ఉపయోగపడితే చాలు కదా. సరే, ఉపయోగమే చూద్దాం.

2005లో నేచర్ పత్రికలో ఒకే సంచికలో రెండు పత్రాలు వచ్చాయి, ఒకటి అమెరికా బృందానిది, ఇంకొకటి ఆస్ట్రేలియా బృందానిది. ఏడీఏఎంటీఎస్-5 అనే ఎంజైము పనిచేయని చిట్టెలుకల్లో గుజ్జు నిలిచింది. అమెరికా బృందం చూసింది ఇలా కోత పెట్టిన మోకాళ్లలోనే. అందులో మంచి శాస్త్రం ఉంది, నేను కాదనను. గుజ్జులో నీటిని పట్టి ఉంచే అగ్రికాన్ అనే పదార్థాన్ని ఏ ఎంజైము ముక్కలు చేస్తోందో ఎలుకలో తేల్చారు. ఇక మిగిలింది ఆ ఎంజైముకు తాళం వేసే మందు తయారుచేయడమే అని లోకం నమ్మింది. బెల్జియం కంపెనీ గాలపగోస్, ఫ్రాన్స్ కంపెనీ సెర్వియే కలిసి ఆ మందు తయారుచేశాయి. చిట్టెలుకలో పనిచేసింది, ఎలుకలో పనిచేసింది. రొసెల్లా అనే పేరుతో మనుషుల మీద పరీక్ష పెట్టారు. 932 మంది మోకాలి రోగులు, మూడు మోతాదులు, ఒక ఉత్తుత్తి బిళ్ల, 52 వారాలు. ఎంఆర్ఐలో గుజ్జు మందం కొలిచారు. 2020 అక్టోబరులో ఫలితం చెప్పారు. మందు మింగినవాళ్లకూ ఉత్తుత్తి బిళ్ల మింగినవాళ్లకూ తేడా లేదు.

నేచర్ పత్రం నుంచి ఈ ఫలితం దాకా పదిహేనేళ్లు. 2005లో మోకాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లిన అమ్మ, 2020 నాటికి లోహపు కీలుతోనో చేతికర్రతోనో ఉంది.

ఇది ఒక్కటే అయితే దురదృష్టం అనుకోవచ్చు. ఎముకలు గుల్లబారకుండా వాడే బిస్‌ఫాస్ఫొనేట్లు జంతువుల్లో ఆశ పెట్టాయి. వాటిలో ఒకటైన రైసెడ్రొనేట్‌ను రెండేళ్ల పాటు 2483 మంది మీద పరీక్షించి 2006లో ప్రచురించారు. ఉత్తుత్తి బిళ్లతో పోలిస్తే నొప్పీ తగ్గలేదు, ఎక్స్‌రేలో అరుగుదలా ఆగలేదు. నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకుంటే లిగమెంటు కోసిన కుక్కల మోకాళ్లు బాగుపడ్డాయి. అదే దారిలో వచ్చిన మందును 1457 మందికి రెండేళ్లు ఇచ్చి, పనిచేయలేదని 2013లో ప్రచురించారు. గుజ్జును కొరికే ఇంకో ఎంజైము కుటుంబానికి తాళం వేయబోతే రోగులకు కండరాల, కీళ్ల బాధలు కొత్తగా వచ్చాయి. వాపును రగిలించే ఇంటర్‌లూకిన్-1ను అడ్డుకునే మందులు మోకాలి రోగుల మీద తేలిపోయాయి. ఈ పరీక్షలన్నిటిలో పాల్గొన్నవాళ్లు బతికున్న మనుషులు. ఎలుక బాగుపడిందన్న హామీ మీద నెలల తరబడి, ఏళ్ల తరబడి బిళ్లలు మింగారు, సూదులు పొడిపించుకున్నారు. జంతు ప్రయోగం మనుషులను ప్రమాదం నుంచి కాపాడుతుందంటారు. తప్పుడు ఆశ పెట్టి వేలమందిని పనికిరాని పరీక్షల్లోకి లాగడం కాపాడటం అవుతుందా?

ఎందుకు తప్పుతోందో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. చాలా ప్రయోగాల్లో ఎలుకకు కోత పెట్టిన మర్నాడో, ఆ వారంలోనో మందు మొదలుపెడతారు. కోతకు ముందే మొదలుపెట్టినవీ ఉన్నాయి. మన దగ్గర జబ్బు మొదలైన రోజు ఎవరికీ తెలియదు. మెట్లెక్కలేని రోజు వచ్చాకే డాక్టరు దగ్గరికి వెళతాం. అప్పటికి గుజ్జు పలచబడి, ఎముక అంచులు పెరిగి, కీలు చుట్టూ పొర వాచి ఉంటుంది. గాయం చేసిన మర్నాడు ఎలుకకు పనిచేసిన మందు, పాతికేళ్ల తర్వాత మనిషికి పనిచేయాలని ఎవరు నిర్ణయించారు?

నొప్పి సంగతి ఇంకా ఘోరం. రోగి డాక్టరు దగ్గరికి వచ్చేది నొప్పితో. ఎక్స్‌రేలో మోకాలు పూర్తిగా అరిగినా హాయిగా తిరిగేవాళ్లున్నారు. ఎక్స్‌రే దాదాపు మామూలుగా ఉన్నా రాత్రుళ్లు నిద్రపోనివాళ్లున్నారు. ఇది ఎముకల డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. ఎలుకలో నొప్పిని తరచూ ఎలా కొలుస్తారు? జాలీ మీద నిలబెట్టి, కింది నుంచి సన్నటి ప్లాస్టిక్ పోగుతో అరికాలిని పొడుస్తారు. ఎంత గట్టిగా పొడిస్తే కాలు వెనక్కి లాక్కుంటుందో రాసుకుంటారు. మోకాలి నొప్పికి అరికాలి పరీక్ష! బాత్‌రూంలో కూర్చుని లేవలేక గోడకు కొట్టించుకున్న ఇనుప కడ్డీ, బస్సు మెట్టు ఎక్కలేక మానుకున్న పెళ్లిళ్లు, పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి నాలుగు అడుగులు, ఇవేవీ ఆ పోగు కొనకు అందవు.

ఇక మన ఇంటి సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫార్మసీ కాలేజీలు కోకొల్లలు. చాలావాటిలో ప్రయోగాల జంతువులను ఉంచే యానిమల్ హౌస్ ఉంటుంది. ఎం.ఫార్మసీ విద్యార్థికి థీసిస్ కావాలి, థీసిస్‌కు ఒక ఆకో వేరో కావాలి, దాన్ని పరీక్షించడానికి ఒక మోడల్ కావాలి. కీళ్ల అరుగుదల అనగానే అందరికీ చేతికందేది ఎంఐఏ. మోనో అయోడో అసిటేట్ అనే విషాన్ని ఎలుక మోకాలి కీలులోకి ఎక్కిస్తారు. గుజ్జులోని కణాలు చక్కెరను శక్తిగా మార్చుకునే దారిని అది మూసేస్తుంది. కణాలు చస్తాయి. కొద్ది రోజుల్లో ఎలుక కుంటుతుంది, కొద్ది వారాల్లో కీలు పాడవుతుంది. ఏ మనిషి మోకాలూ ఇలా పాడవదు. ఇది జబ్బు కాదు, విషప్రయోగం. గుంపుకు ఆరు ఎలుకలు, ఐదు గుంపులు: ఏమీ ఇవ్వనివి, విషం మాత్రమే ఇచ్చినవి, విషంతో పాటు నొప్పి మందు డైక్లోఫెనాక్ ఇచ్చినవి, ఆకు పసరు తక్కువ మోతాదు ఇచ్చినవి, ఎక్కువ మోతాదు ఇచ్చినవి. ముప్పై ప్రాణాలు. ఫలితం ముందే తెలుసు: ఎక్కువ మోతాదు బాగా పనిచేసింది, మరింత పరిశోధన అవసరం. ఆ మరింత పరిశోధన ఎన్నడూ జరగదు. విద్యార్థికి డిగ్రీ వస్తుంది, థీసిస్ అలమరాలోకి పోతుంది, మరుసటేడు ఇంకో విద్యార్థి ఇంకో ఆకు పట్టుకుని అదే విషం సిరంజిలోకి ఎక్కించుకుంటాడు.

తప్పు ఆ పిల్లలది కాదు. వాళ్లు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు. మెడ విరిచి చంపడం నేర్పిస్తే చేతులు వణుకుతూ నేర్చుకుంటారు. తప్పు వాళ్లను అక్కడ నిలబెట్టిన పెద్దలది. ఈ ప్రయోగాలకు అనుమతి ఊరికే రాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్రంలో ఒక కమిటీ ఉంది, దాని కింద ప్రతి సంస్థలో జంతు ప్రయోగాల నైతిక కమిటీ ఉంది. దరఖాస్తు పేరు ఫారం-బి. జంతువు ఎందుకు అవసరం, ఈ జాతే ఎందుకు, ఇన్నే ఎందుకు, ఇలాంటి ప్రయోగం ఇంతకుముందు జరిగిందా అని అందులో అడుగుతారు. చక్కని ప్రశ్నలు. నిజాయితీగా జవాబు రాస్తే ఎంఐఏ థీసిస్‌లు నూటికి తొంభై అక్కడే ఆగిపోవాలి, నా దృష్టిలో. ఆగడం లేదంటే ఆ గళ్లు నింపేవాళ్లూ వాటిని చదివేవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని సర్దుకుపోతున్నారని అర్థం.

ఇలాంటి పత్రాలు అలమరాలో ఉన్నా ఒక లెక్క. అవి బజారుకు వస్తాయి. మోకాళ్ల నొప్పుల డబ్బాల మీద, టీవీల్లో పొద్దున్నే వచ్చే ప్రకటనల్లో, ఫోన్లలో తిరిగే వీడియోల్లో "శాస్త్రీయంగా నిరూపితం" అన్న మాట ఎంత తేలిగ్గా వాడతారో చూస్తున్నాం. నిరూపితం ఎవరి మీద అని అడిగేవాళ్లు లేరు. పింఛను డబ్బుల్లోంచి నెలనెలా ఆ డబ్బా కొనే ముసలమ్మకు, అది విషం ఎక్కించిన ఎలుక మీద పరీక్షించిన సరుకు కావచ్చని చెప్పేదెవరు?

మరి ఏం చేయాలి, మనుషుల మీద కోతలు పెట్టాలా అని అడుగుతారు. అక్కర్లేదు. కోతలు రోజూ జరుగుతూనే ఉన్నాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా ఉదయం మోకీలు మార్పిడి థియేటర్‌లోకి వెళ్లి చూడండి. సర్జన్ రంపంతో తొడ ఎముక కింది కొన, కాలి ఎముక పై కొన చెక్కుతాడు. చెక్కిన ముక్కలు స్టీలు గిన్నెలో పడతాయి. లోపలివైపు ముక్క మీద గుజ్జు మచ్చుకైనా లేక ఎముక ఏనుగు దంతంలా నిగనిగలాడుతుంది. బయటివైపు ముక్క మీద చాలాసార్లు గుజ్జు ఇంకా తెల్లగా, నున్నగా ఉంటుంది. ఒకే మోకాలు, ఒకే మనిషి, ఒకే వయసు. అరిగిన చోటూ, అరుగుతున్న చోటూ, అరగని చోటూ పక్కపక్కనే. ఏ చిట్టెలుకా ఇవ్వలేని జవాబులు ఆ గిన్నెలో ఉన్నాయి. ఒకచోట గుజ్జు పోయి, రెండు అంగుళాల అవతల ఎందుకు నిలిచింది? వాచిన పొర ఏం స్రవిస్తోంది? నొప్పి నరాలు ఎక్కడికి పాకాయి? ఆ కణాలను బతికించి పెంచవచ్చు, మందులు పోసి చూడవచ్చు. ఆ మనిషి ఆపరేషన్‌కు ముందు ఎక్కడ నొప్పి అని చెప్పిందో దానితో పోల్చవచ్చు. బయట దేశాల్లో ఈ పని చేస్తున్న ప్రయోగశాలలు ఉన్నాయి.

మన దగ్గర ఆ గిన్నె ఎక్కడికి పోతుంది? 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం మనిషి శరీర భాగాలు పసుపు సంచిలో వేయాలి. పసుపు సంచి కొలిమికి పోతుంది. పొద్దున థియేటర్‌లో అసలైన జబ్బున్న అసలైన మోకాలిని కాల్చేయడానికి పంపి, మధ్యాహ్నం అదే ఊళ్లో ఇంకో గదిలో ఆరోగ్యంగా ఉన్న ఎలుక మోకాలికి ఆ జబ్బు పుట్టించాలని సూది పట్టుకుంటున్నాం. దీన్ని ఏ బుద్ధి ఒప్పుకుంటుంది?

మార్పిడి దాకా వచ్చిన మోకాలు ముదిరిన దశ కదా, మొదలు ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లకూ జవాబుంది. మొదలును బతికున్న మనుషుల్లోనే చూడవచ్చు. అమెరికాలో 2004 నుంచి 45 ఏళ్లు మొదలు 79 ఏళ్ల దాకా ఉన్న 4796 మంది మోకాళ్లను ఏటా ఎంఆర్ఐ తీస్తూ, నొప్పి అడుగుతూ, బరువు చూస్తూ వెంబడించారు. ఆ సమాచారం లోకంలో ఏ పరిశోధకుడైనా వాడుకోవచ్చు. ఆటల్లో లిగమెంటు తెగిన కుర్రాళ్లలో చాలామందికి పది, ఇరవై ఏళ్లలో అరుగుదల వస్తుంది. దెబ్బ తగిలిన రోజు నుంచే వాళ్లను చూడవచ్చు. కత్తితో ఎలుకకు చేసే గాయం లాంటిదే అది. తేడా ఏమిటంటే అది నిజంగా జరిగిన గాయం, నిజమైన మనిషికి.

మనుషులను చూసి మోకాలి సంగతి తెలుసుకోవడం మన నేలకు కొత్తేమీ కాదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకోవడాన్ని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గుర్తించారు. 1973లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఆ మోకాళ్లు ఎవరివో, వాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో వెళ్లి చూశారు కాబట్టి ఆ సంగతి తెలిసింది. అదే హైదరాబాద్‌లోని సంస్థలకు ఈ రోజు వరినాట్లు వేసే స్త్రీల మోకాళ్లను ఇరవై ఏళ్లు వెంబడించే డబ్బు ఇవ్వండి. ఏ వయసులో మొదలవుతోంది, రోజుకు ఎన్ని గంటలు వంగితే, ఎంత బరువు మోస్తే, ఎన్ని కాన్పులైతే, తొడ కండరం ఎంత బలంగా ఉంటే ఏమవుతోంది అన్నది కాగితం మీదికి రానివ్వండి.

ఇంతవరకూ మోకాలికి నిజంగా మేలు చేసిన జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. అమెరికా ఫ్రామింగ్‌హామ్ ఊరి జనాన్ని దశాబ్దాలు గమనించి, పదేళ్లలో ఐదు కిలోలు తగ్గిన స్త్రీలకు నొప్పితో కూడిన మోకాలి అరుగుదల ముప్పు సగానికి పైగా తగ్గిందని 1992లో చెప్పారు. 454 మందితో పద్దెనిమిది నెలలు ఆహారం, వ్యాయామం రెండూ కలిపి చేయిస్తే నొప్పి తగ్గి నడక మెరుగైందని 2013లో తేలింది. 2024లో సెమాగ్లూటైడ్ ఇంజక్షన్‌తో 407 మంది ఊబకాయం ఉన్న మోకాలి రోగుల మీద చేసిన పరీక్షలో బరువు సగటున నూటికి 13.7 పాళ్లు తగ్గింది, నొప్పి కూడా ఉత్తుత్తి ఇంజక్షన్ వాళ్లకన్నా బాగా తగ్గింది. ఆ మందు వెనుకా జంతు ప్రయోగాలున్నాయి, మధుమేహం కోసం చేసినవి. కానీ ఆ దారి చూపింది కోత పెట్టిన ఎలుక మోకాలు కాదు. బరువు తగ్గితే మోకాలు కుదుటపడుతుందని మనుషుల్లో ముందే తెలుసు కాబట్టి ఆ పరీక్ష పెట్టారు.

నేను యానిమల్ హౌస్‌లన్నిటికీ రేపే తాళాలు వేయమనడం లేదు. ఒక కొత్త పదార్థం గుండెను, కాలేయాన్ని పాడుచేస్తుందా అని చూసే పరీక్షల వాదన వేరు. జబ్బుపడ్డ పెంపుడు కుక్కలకు వైద్యం చేస్తూ నేర్చుకోవడమూ వేరు. అరుగుదల వాటికి సహజంగా వస్తుంది, అవి రోగులు, వాటికీ మేలు జరుగుతుంది. నేను అడ్డుకోమంటున్నది ఆరోగ్యంగా ఉన్న ప్రాణికి కత్తితోనో విషంతోనో ఒక బూటకపు జబ్బు పుట్టించి, దానికి మన అమ్మల జబ్బు పేరు పెట్టడాన్ని. తప్పనిసరి అనుకునే ఒకటి రెండు ప్రయోగాలైనా ఉంటే, ముసలి జంతువులను వాడండి, ఆడవాటిని వాడండి, జబ్బు ముదిరాక మందు ఇవ్వండి, మార్కులు వేసేవాడికి ఏది మందు ఎలుకో తెలియనివ్వకండి. ఇదంతా పరిశోధకులకు తెలియనిది కాదు. జంతు ప్రయోగాలు ఎలా రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాలు వచ్చింది 2010లో.

చట్టం కూడా దారి ఇచ్చింది. జంతు పరీక్ష తప్పనిసరి అన్న పాత పట్టును అమెరికా 2022 డిసెంబరులో సడలించింది. 2023 మార్చిలో మన ప్రభుత్వం కొత్త మందుల నిబంధనలు సవరించి, మనిషి కణాలతో, చిప్ మీది అవయవాలతో, కంప్యూటరు నమూనాలతో చేసే పరీక్షలకు చోటిచ్చింది. ఇక చట్టం ఒప్పుకోదన్న సాకు లేదు. మిగిలింది అలవాటు. పత్రిక సమీక్షకుడు ఎలుకలో చూపించారా అని అడుగుతాడని భయం, నిధులిచ్చే కమిటీ అదే అడుగుతుందని భయం, గైడుకు ఆ ఒక్క పద్ధతే తెలుసు. ఈ అలవాటు ఖరీదు ప్రాణాలతో, ప్రజల డబ్బుతో, మోకాళ్లు పట్టుకుని ఎదురుచూసేవాళ్ల ఏళ్లతో కడుతున్నాం.

మోకీలు మార్పిడి చేయించుకోబోతున్నవాళ్లకు ఒక మాట. మీ సర్జన్‌ను అడగండి, తీసేసిన ఎముకను పరిశోధనకు ఇవ్వవచ్చా అని. ఇవ్వడానికి చోటు లేదంటే ఎందుకు లేదని అడగండి. పదిమంది అడిగితే ఆసుపత్రులు ఆలోచిస్తాయి, వందమంది అడిగితే ఏర్పాటు చేస్తాయి.

జంతు నైతిక కమిటీల్లో కూర్చున్న పెద్దలకు నా విన్నపం ఇది. మీలో బయటి సభ్యులున్నారు, సమాజం తరఫున కూర్చున్నవాళ్లున్నారు, అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. ఈ ఏడు మీ బల్ల మీదికి మోకాలి ఎంఐఏ ప్రయోగం మళ్లీ వస్తుంది. ఇలాంటి ప్రయోగం ఇంతకుముందు జరిగిందా అన్న గడిలో ఏం రాశారో చదవండి. దాని ఫలితంగా ఇప్పటికి ఏ ఒక్క మనిషి మోకాలైనా బాగుపడిందా అని వచ్చినవాళ్లను ఎదురుగా అడగండి. జవాబు రాకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.